ఒకే బొమ్మల సినిమాని దేశమంతా యాభై ఏళ్ళుగా చూడటమేంటండీ? (ఇవో కాప్రినో)

ఓస్లో_శీను
మేం నార్వేలోని ఓస్లోకి వచ్చి మూడేళ్ళయింది. మా పాపకి ఆరేళ్ళు. డిసెంబరు వచ్చిందంటే నా ప్రాణానికి ఒక బొమ్మల సినిమా తగులుకుంటోంది. పేరు ఫ్లోక్లీపా గ్రాన్ ప్రీ, 1975 నాటిది. కొండ మీద ఓ సైకిల్ మెకానిక్, ఆయన దగ్గర ఓ పక్షి, ఓ ముళ్ళపంది. ముగ్గురూ కలిసి రేసు కారు కడతారు, గెలుస్తారు. అంతే కథ. ఈ నెలలో ఐదోసారి పెట్టించింది. ఆఫీసులో లంచ్ దగ్గర "అందులో అంత ఏముంది?" అని నోరు జారాను. బల్ల చుట్టూ అందరూ తినడం ఆపేసి నా వంక చూశారు. యాభై దాటిన ఒకాయన ముళ్ళపంది డైలాగులు గొంతు మార్చి మరీ అప్పజెప్పాడు. తీసినాయన పేరు ఇవో కాప్రినో అట. ఇంత హిట్టు కొట్టాక మళ్ళీ బొమ్మల సినిమా తీయలేదట. ఎవరీయన? ఎందుకు మానేశాడు? తెలిసినవాళ్ళు చెప్పండి, సోమవారం ఆఫీసులో పరువు దక్కించుకోవాలి.

గోదారోడు
పండగ పండక్కి టీవీలో వేసిందే వేస్తే మనం చూడట్లేదా శీనుగారూ? డైలాగు వాళ్ళకన్నా ముందు మనమే చెప్పేస్తాం. వాళ్ళకి ముళ్ళపంది, మనకి మీసాల హీరో. తేడా అదొక్కటే.

బెర్గెన్_వదిన
ఇది ఒక్కటే అనుకుంటున్నారా? క్రిస్మస్ ముందురోజు పొద్దున్న సిండ్రెల్లా చెక్ సినిమా వేస్తారు చూశారా? ఆడా మగా పిల్లా గుర్రం, అందరికీ ఒకే మగాయన గొంతు. మొదటిసారి చూసి మా టీవీ పాడైందనుకుని అన్ని బటన్లూ నొక్కాను. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు చూసి "పాపం, వీళ్ళకి డబ్బింగ్ వాళ్ళు దొరకలేదా" అన్నారు. పదేళ్ళయింది, ఇప్పుడు ఆ గొంతు వినకపోతే నాకే పండగ రాదు.

పాతరీలు
శీనుగారు అడిగారు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

కాప్రినో 1920 ఫిబ్రవరి 17న ఓస్లోలో పుట్టాడు, 2001లో పోయాడు. ఇంటిపేరు వింటే ఇటలీవాడనిపిస్తుంది కదా, సగం నిజమే. తండ్రి మారియో కాప్రినో ఇటలీ నుంచి వచ్చిన ఫర్నిచర్ పనివాడు. తల్లి ఇంగెబోర్గ్ గూదె చిత్రకారిణి, నార్వేలో పేరున్న చిత్రకారుడు హన్స్ గూదెకి మనవరాలు. ఒక వైపు చెక్కపని, ఇంకో వైపు రంగులు. పిల్లాడు బొమ్మల్లో పడక ఏం చేస్తాడు.

1940ల మధ్యలో ఆవిడ ఒక బొమ్మలాట థియేటర్‌కి బొమ్మలు చేస్తుంటే కొడుకు సాయం పట్టాడు. ఈ బొమ్మలతో సినిమా తీస్తే ఎలా ఉంటుందని అక్కడే పుట్టింది ఆలోచన. అలా వచ్చింది తిమ్ ఓ తొఫె, ఎనిమిది నిమిషాల సినిమా, 1949లో విడుదల. ఆ తర్వాత ఫిడేలు కుర్రాడి జానపద కథ వెస్లెఫ్రిక్, పళ్ళలో పురుగుల కథ కారియుస్ ఓ బాక్తుస్. 1960ల మధ్యలో ఆవిడ చనిపోయేదాకా ఈయన సినిమాలకి బొమ్మలు ఆవిడే చేసింది. అమ్మ బొమ్మ చేస్తే కొడుకు నడిపించేవాడన్నమాట. నాకు ఈయన కథలో అన్నిటికన్నా నచ్చే ముక్క అది.

సంధ్య_బి
పళ్ళలో పురుగుల కథా??

బెర్గెన్_వదిన
అయ్యో సంధ్యా, అది తెలియకుండా ఇక్కడ పిల్లల్ని పెంచలేం. తూర్‌బ్యోర్న్ ఎగ్నెర్ రాసిన పిల్లల కథ. యెన్స్ అని ఓ కుర్రాడు తీపి తెగ తింటాడు, పళ్ళు తోముకోడు. వాడి పంటిలో ఇద్దరు బుల్లి రాక్షసులు కాపురం పెట్టి సుత్తులతో పంటిని తొలిచి ఇల్లు కట్టుకుంటారు. కారియుస్ అంటే పిప్పి, బాక్తుస్ అంటే బ్యాక్టీరియా. చివరికి బ్రష్షొచ్చి ఇద్దర్నీ ఊడ్చేస్తుంది. మా చిన్నాడు దాన్ని చూసి పళ్ళు తోముకుంటాడని పెట్టా. వాడేమో "పాపం, వాళ్ళకి ఇల్లు లేదు" అని ఏడ్చి రెండు రోజులు బ్రష్ ముట్టలేదు. ఇక్కడ 18 ఏళ్ళ దాకా పళ్ళ డాక్టరు ఉచితం కాబట్టి సరిపోయింది.

ట్రోలుబాబు
మీవాడు పెద్దయ్యాక అద్దెదార్ల హక్కుల లాయరు అవుతాడు వదినా.

మొహమాటం_లేదు
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను వేరేగా అంటాను. నార్వే చిన్న దేశం. అప్పట్లో జనాభా 40 లక్షలు. చూడటానికి వేరే ఏముంది? ఒక్క సినిమా బాగుంటే అదే గొప్పైపోతుంది. జపాన్ వాళ్ళ, చెక్ వాళ్ళ బొమ్మల సినిమాల ముందు ఇది ఎంత? 55 లక్షల టికెట్లు అమ్ముడయ్యాయని ఎక్కడో చదివా. జనాభా కన్నా ఎక్కువ టికెట్లా? మన నిర్మాతలు పోస్టర్ల మీద వేసే లెక్కలకన్నా ఘోరంగా ఉంది.

పాతరీలు
55 లక్షలు అన్నది కాప్రినో స్టూడియో వాళ్ళు చెప్పే లెక్క, నిజమే. కాస్త అనుమానంతోనే వినండి. కానీ అది ఇప్పటిదాకా అమ్మిన మొత్తం, ఒక్క ఏడాదిది కాదు. మొదటి ఏడాదే 10 లక్షల టికెట్లు తెగాయి. 40 లక్షల దేశంలో 10 లక్షలంటే నలుగురిలో ఒకరు. తర్వాత పుట్టిన పిల్లలు, వాళ్ళ పిల్లలు కూడా థియేటర్లో చూస్తూనే ఉన్నారు. జనాభాని దాటడంలో వింతేముంది?

ఇంకోటి. అప్పట్లో నార్వేలో సినిమా హాళ్ళు మనలాగా ప్రైవేటువి కావు, చాలావరకు మునిసిపాలిటీలవి. 1913లో హాళ్ళ లైసెన్సులు మునిసిపాలిటీల చేతికి ఇస్తూ చట్టం వచ్చింది. దాంతో ఊరి హాలు ఊరిదే అయింది. శుక్రవారం వేసి వచ్చే శుక్రవారానికి లేపేసే తొందర అంతగా ఉండేది కాదు. పిల్లల సినిమా ఏళ్ళ తరబడి ఆడటానికి అదో కారణమని నా లెక్క.

మొహమాటం_లేదు
అంటే సర్కారు హాళ్ళు ఆడించాయి. నేనన్నదీ అదేగా.

పాతరీలు
ఆడించడం వేరు, జనం రావడం వేరు. ఖాళీ కుర్చీలకి టికెట్లు తెగవు బాబూ.

కీఫ్రేమ్_కిరణ్
నేను హైదరాబాద్‌లో యానిమేషన్‌లోనే పనిచేస్తాను, పదకొండేళ్ళుగా. చదువుకునేటప్పుడు ఓ సారు ఈ సినిమా రేసు ముక్క వేసి చూపించారు, అలా పరిచయం. "ఎంత గొప్ప" అన్నది పక్కన పెట్టి లెక్క చూద్దాం.

సినిమా 88 నిమిషాలు. బొమ్మని కొంచెం కదపడం, ఫోటో తీయడం, ఇదీ పద్ధతి. ఆ ఫోటోనే ఫ్రేము అంటాం. సెకనుకి 24 ఫ్రేములు. అంటే 1,26,720 ఫ్రేములు. ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు తీశారనుకున్నా 63 వేల భంగిమలు. సినిమాలో అన్నీ బొమ్మని కదిపి తీసే షాట్లే ఉండవు, కొంత తగ్గించండి. తీయడానికి పట్టింది మూడున్నరేళ్ళు. ఒక్క రోజు సెలవు లేకుండా కూర్చున్నా రోజుకి నాలుగు సెకన్లు. తీసింది అటూ ఇటూగా ఐదుగురు. మళ్ళీ చదవండి, ఐదుగురు. దర్శకత్వం, బొమ్మల కదలిక కాప్రినో. సెట్లు, కార్లు, మొత్తం మెకానిక్ పని బ్యార్నె సాందెమూసె. బొమ్మలు ఇంగెబోర్గ్ రీసర్. బట్టలు, చిన్న సామాను గేర్డ్ ఆల్ఫ్‌సెన్. మా దగ్గర టీవీ సీరియల్లో కాకి ఎగిరే షాట్‌కి ఇంతకన్నా ఎక్కువ మందిమి ఉంటాం.

పైగా అప్పుడు మానిటర్ లేదు. ఇప్పుడు మేం ప్రతి ఫ్రేమూ ముందు ఫ్రేముతో పోల్చి చూసుకుంటాం. వాళ్ళు ఫిల్ము కడిగించి తెప్పించుకుంటేగానీ బొమ్మ చెయ్యి వణికిందో లేదో తెలియదు. వణికితే ఆ రోజు పని గంగలో కలిసినట్టే. ఈసారి ఆ సైకిల్ మెకానిక్ రెయోదోర్ వర్క్‌షాపు సీను వస్తే కారు వంక కాకుండా వెనక గోడకి తగిలించిన పనిముట్లు చూడండి శీనుగారూ. కెమెరా అటు పోకపోయినా అక్కడ ఉన్నాయి.

ఓస్లో_శీను
కిరణ్ గారూ, ఇప్పుడే పెట్టి చూశా. నిజమే. ముళ్ళపంది కాళ్ళ దగ్గర డబ్బా మీద తుప్పు కూడా ఉంది. పాప మాత్రం "నాన్నా, నువ్వే పెట్టమంటున్నావా?" అని అనుమానంగా చూసింది.

నూనెదీపం
నేను విన్నది వేరు. బొమ్మని ఫ్రేము ఫ్రేముకీ కదపకుండా, నేరుగా నడిపించే యంత్రం ఏదో ఆయన కనిపెట్టాడంటారు కదా? దానికి పేటెంట్ కూడా ఉందట. మరి రోజుకి నాలుగు సెకన్ల లెక్కెక్కడిది కిరణ్?

కీఫ్రేమ్_కిరణ్
ఇక్కడే ఉంది తమాషా. యంత్రం నిజమే. మొదటి సినిమా తీసేటప్పుడే కనిపెట్టాడు. బొమ్మని లోపలినుంచి మీటలతో కెమెరా ముందు అప్పటికప్పుడు ఆడించే పద్ధతి. తొలి సినిమాల్లో అదే వాడాడు. పేపర్లలో గోల గోల, "కాప్రినో రహస్యం ఏంటి" అని. ఆయనేమో నోరు విప్పడు. తర్వాత్తర్వాత మామూలు స్టాప్ మోషన్‌కి, అంటే ఫ్రేము ఫ్రేముకీ బొమ్మని కదిపి తీసే పద్ధతికి మారిపోయాడు. ఫ్లోక్లీపా కూడా అలా తీసిందే. కానీ మారానని మాత్రం బయటికి చెప్పలేదు. ఇంకా ఏదో మాయ యంత్రమే తిప్పుతున్నట్టు జనాన్ని నమ్మనిచ్చాడు.

మొహమాటం_లేదు
చూశారా! నేననలా? మోసం.

కీఫ్రేమ్_కిరణ్
మోసం ఏంటి గురూ. మామూలుగా అబద్ధమాడేవాడు కష్టపడకుండా కష్టపడ్డానంటాడు. ఈయన రాత్రింబగళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని బొమ్మల్ని కదిపి, "అబ్బే, యంత్రం చేసింది" అన్నాడు. అలాంటి మోసగాణ్ణి మా ఆఫీసులో ఒక్కణ్ణి చూపించు.

గోదారోడు
మా ఆవిడ పులిహోర తనే చేసి "కర్రీ పాయింట్ నుంచి తెప్పించా" అన్నట్టుంది.

నూనెదీపం
మాది అనంతపురం వైపు. చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూసి పెరిగినవాణ్ణి. నిమ్మలకుంట వాళ్ళు మా ఊరు వచ్చి తెల్లవార్లూ ఆడేవాళ్ళు. తెర వెనక్కి పోయి చూస్తే తిట్టేవాళ్ళు. ఓసారి దొంగచాటుగా చూశా. ఒకే మనిషి చేతుల్లో రావణుడూ సీతా, కాలి కింద చెక్క టకటకలాడించడం, నోట్లో పాట. ముందుకొచ్చి కూర్చున్నాక మళ్ళీ రావణుడే కనపడ్డాడు గానీ ఆ మనిషి కనపడలేదు. అప్పటికప్పుడు ఆడించే బొమ్మలో తప్పు పోతే సర్దుకునే వీలుంటుంది, పాటలో కలిపేస్తారు. కాప్రినో మొదటి పద్ధతి దీనికి దగ్గర అనిపిస్తోంది. దాన్ని వదిలి ఫ్రేముల్లోకి పోవడం నాకైతే నష్టంగానే తోస్తోంది.

కీఫ్రేమ్_కిరణ్
నాకు అలా అనిపించదు. మీటలున్న బొమ్మ మీటలు కట్టినచోటే కదులుతుంది, సెట్లో ఇష్టమొచ్చినట్టు తిరగలేదు. ఫ్రేముల్లో అయితే గోడెక్కించొచ్చు. మీరన్న ప్రాణం మాత్రం తొలి సినిమాల్లో ఉంది, ఒప్పుకుంటా. వెస్లెఫ్రిక్ ఫిడేలు వాయించే చోటు చూడండి.

సంధ్య_బి
నడిమధ్య ఇరవై ఏళ్ళు ఏం చేశాడు? 1949 నుంచి ఒకేసారి 1975కి దూకేశారు అందరూ.

పాతరీలు
మంచి ప్రశ్నమ్మా. ఇల్లు గడవాలి కాబట్టి బొమ్మలతో వ్యాపార ప్రకటనలు తీశాడు, ఒకటీ రెండూ కాదు, డజన్ల కొద్దీ. 1959లో ఊగ్లెర్ ఇ మూసెన్ అని మనుషులూ బొమ్మలూ కలిపి ఓ పూర్తి నిడివి సినిమా వచ్చింది. తర్వాత పెద్ద కల ఒకటి కన్నాడు. 19వ శతాబ్దంలో ఆస్‌బ్యోర్న్‌సెన్ అనే ఆయన నార్వే ఊరూరా తిరిగి జానపద కథలు పోగుచేశాడు. ఆయన ప్రయాణం మనుషులతో, ఆయన విన్న కథలు బొమ్మలతో, అంతా కలిపి ఒకే సినిమా తీయాలని. డబ్బు పుట్టలేదు. అప్పుడు ఏం చేశాడంటే, కథల ముక్కల్ని విడివిడిగా పదహారేసి నిమిషాల సినిమాలుగా తీసి, ముందూ వెనకా ఆస్‌బ్యోర్న్‌సెన్ కనపడేలా అతికించాడు. 1961 నుంచి 67 దాకా నాలుగు వచ్చాయి. పెద్ద ఇల్లు కట్టలేక ఆ గడపలూ తలుపులతో నాలుగు గదులు లేపినట్టు.

వాటిలో చివరిది ట్రోల్‌తో తిండి పందెం కథ. ట్రోల్ అంటే కొండంత రాక్షసుడు, తెలివి తక్కువ. కుర్రాడు చొక్కా లోపల సంచి కట్టుకుని జావంతా అందులో పోసుకుంటాడు. నిండాక కత్తితో సంచి కోసి "ఇలా పొట్ట కోసుకుంటే ఇంకా తినొచ్చు" అంటాడు. రాక్షసుడు నమ్మి తన పొట్ట కోసుకుంటాడు. మన పేదరాశి పెద్దమ్మ వినుంటే కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకునేది.

ట్రోలుబాబు
నా పేరు ఎత్తి తిడితే ఊరుకోను. మాకూ మనోభావాలుంటాయి.

బెర్గెన్_వదిన
పిల్లలకి ఇది చూపించొచ్చా అని నా మొదటి డౌటు. చూపించా. ఏం కాలేదు. పళ్ళ పురుగులకి ఏడ్చినవాడే ట్రోల్ పొట్ట కోసుకుంటే పగలబడి నవ్వాడు.

ఓస్లో_శీను
పాతరీలు గారూ, ఫ్లోక్లీపా ఎలా మొదలైంది మరి? ఆఫీసులో ఒకావిడ "అది ముందు టీవీ కోసం తీసింది" అంది.

పాతరీలు
ఆవిడ మాట నిజం. షెల్ ఔక్రుస్త్ అని కార్టూనిస్టు, రచయిత. ఆల్వ్‌దాల్ అనే పల్లెలో పుట్టినవాడు. ఈయనదీ 1920 పుట్టుకే, కాప్రినోకి నెల రోజులు చిన్న. ఫ్లోక్లీపా అనే ఊరు, అందులోని వింత మనుషులు, పక్షి, ముళ్ళపంది, అన్నీ ఆయన సృష్టి. 1970లో కాప్రినో వాటితో 25 నిమిషాల టీవీ కార్యక్రమం మొదలుపెట్టాడు. ఏడాదిన్నర పనిచేశాక కూర్చుని చూసుకుంటే ముక్కలు ముక్కలుగా జోకులున్నాయి, కథ లేదు. ఆపేశారు. ఏడాదిన్నర తీసిందంతా మూలన పడేశారు. ఒకటీ అరా చిన్న తునకలు తప్ప అది ఇప్పటికీ జనం కళ్ళ పడలేదు. కానీ బొమ్మలున్నాయి, ఊరి సెట్టుంది. వాటిని పారేయలేక ఇద్దరూ కూర్చుని వాటికి సరిపోయే కథ రాశారు. రేసు కథ అలా పుట్టింది. 1975 ఆగస్టు 28న విడుదలైంది.

సంధ్య_బి
ఏడాదిన్నర పని ఆపేయడం! నేను నాలుగు నెలలు రాసిన కోడ్ పక్కన పెట్టమంటే మా మేనేజరుతో వారం మాట్లాడలేదు.

మొహమాటం_లేదు
ఆ గల్ఫ్ షేక్ సంగతి ఎవరూ ఎత్తరేం? కారుకి డబ్బిచ్చే నూనె షేకు, పక్కన నాట్యం చేసే అమ్మాయి, కూర్చున్నచోట నుంచి నోట్లు వెదజల్లడం. ఇప్పుడు ఎవడైనా అలా తీస్తే ఊరుకుంటారా? మనవాళ్ళ గురించి అలా తీస్తే మనం ఊరుకుంటామా?

పాతరీలు
ఇది మాత్రం మీరన్నది సబబే. అరబ్బుల మీద ఆ రోజుల్లో యూరప్‌లో తిరిగిన కార్టూను బొమ్మే అది. 1973లో చమురు ధరలు పెరిగిన వేడిలో వచ్చిన సినిమా. సమర్థించను.

గోదారోడు
ఇంతకీ 1969లోనే నార్వేకి సముద్రంలో ఎకోఫిస్క్ దగ్గర చమురు పడింది. షేకుని చూసి నవ్వుకుంటూ నవ్వుకుంటూ వాళ్ళే షేకులైపోయారు. శీనుగారికి జీతం వచ్చేది ఆ నూనెలోంచే.

ఓస్లో_శీను
ట్యాక్స్ పోయాక చేతికొచ్చేది చూస్తే ఆ మాట అనరు మీరు.

సంధ్య_బి
అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. హిట్టు కొట్టాక ఎందుకు మానేశాడు? నాకు తోచింది చెప్తాను. రెయోదోర్ ఫెల్గెన్ ఎవరు? కొండ మీద కూర్చుని ఏవేవో యంత్రాలు కనిపెట్టే సైకిల్ మెకానిక్. కాప్రినో తన కథే తీసుకున్నాడు. తన కథ చెప్పేశాక ఇంకేం మిగిలింది?

మొహమాటం_లేదు
ఇప్పుడేగా పాతరీలు చెప్పారు, రెయోదోర్ ఔక్రుస్త్ సృష్టి అని? ఆయన పుస్తకాల్లో ముందునుంచీ ఉన్నాడు. కాప్రినో తన కథ ఎప్పుడు రాసుకున్నాడమ్మా? బాగుందని కథలు అల్లేయకండి.

సంధ్య_బి
సరే, అందమైన అబద్ధం పోయింది. మీ పేరు సార్థకం.

పాతరీలు
మానేశాడు అనడమే సరికాదు. 1970ల చివర్లో టీవీకి కొంత చేశాడు. తర్వాత బొమ్మల్ని వదిలాడు గానీ యంత్రాల్ని వదల్లేదు. లిల్లెహామర్ దగ్గర హుందర్‌ఫోసెన్ అని పిల్లల పార్కు ఉంది. తన జానపద సినిమాల బొమ్మలతో, గుహలతో దానికి పనిచేశాడు. ఇంకో పక్క, తనే చేసుకున్న నాలుగైదు కెమెరాల బండితో చుట్టూ కనపడే వెడల్పు తెర సినిమాలు తీశాడు, టూరిస్టుల కోసం. నన్నడిగితే అది వృథా. ఆ చేతులతో ఇంకో రెండు సినిమాలు రావాల్సింది. పార్కులో గుహ కట్టడానికి ఎవరైనా దొరుకుతారు.

కీఫ్రేమ్_కిరణ్
పాతరీలు గారితో మొదటిసారి తేడా వస్తోంది. సినిమా వచ్చేనాటికి ఆయనకి 55. రోజుకి నాలుగు సెకన్ల చొప్పున మూడున్నరేళ్ళు వంగి నిలబడి పని. నాకు 36, కుర్చీలో కూర్చుని చేసే పనికే నడుము బెల్టు పెట్టుకుంటున్నా. ఎందుకు మానేశాడని బొమ్మల పని చేసినవాడు ఎవడూ అడగడు. మూడున్నరేళ్ళు ఎలా నిలబడ్డాడనే అడుగుతాడు.

ఇంకొక్క మాట. సినిమా ప్రచారానికి ఆయన, సాందెమూసె, మిగతావాళ్ళు కలిసి సినిమాలోని రేసు కారుని, ఇల్ టెంపో జిగాంటేని, అసలు సైజులో కట్టారు. డొల్ల బొమ్మ కాదు, రోడ్డెక్కి నడిచే కారు, నడపడానికి అనుమతి కూడా ఉంది. పోస్టరు వేస్తే సరిపోయేదానికి కారు కట్టినవాడు, పార్కులో గుహ కట్టడాన్ని మెట్టు దిగడం అనుకుని ఉండడు.

బెర్గెన్_వదిన
ఆ పార్కుకి వెళ్ళాం మేము. గుహలో చీకట్లో ట్రోల్ మీదికి వచ్చినట్టు ఉంటుంది. మా ఆయన భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు. పిల్లాడు నవ్వాడు. వృథా కాలేదు పాతరీలు గారూ.

గోదారోడు
చివరి మార్కు వదినకే.

నాన్నగారి_ప్రొజెక్టరు
ఎవరూ చెప్పని చిన్న సంగతి. ఫ్లోక్లీపాకి సౌండ్ పని చేసినాయన యాకోబ్ ట్రియెర్. ఇప్పుడు నార్వే దర్శకుల్లో ప్రపంచమంతా పేరు మోగుతున్న యోకిమ్ ట్రియెర్ ఆయన కొడుకే. యోకిమ్ తాతగారు ఎరిక్ లొకెన్ కూడా దర్శకుడే. 2025లో కాన్ (కేన్స్) ఫిల్మ్ ఫెస్టివల్‌లో యోకిమ్ సినిమాకి రెండో పెద్ద బహుమతి వచ్చింది. ఆ బహుమతి పేరు గ్రాన్ ప్రీ. తండ్రి పనిచేసిందీ గ్రాన్ ప్రీకే, కొడుక్కి వచ్చిందీ గ్రాన్ ప్రీయే.

ట్రోలుబాబు
మొత్తం థ్రెడ్‌లో పనికొచ్చే ముక్క ఇదొక్కటే. సోమవారం లంచ్‌లో ఇది వదలండి శీనన్నా, బల్ల మొత్తం సైలెంటు.

మొహమాటం_లేదు
ఇంకో దర్శకుడు లార్స్ ఫాన్ ట్రియెర్ ఈ యోకిమ్‌కి అన్నా?

నాన్నగారి_ప్రొజెక్టరు
కాదు. ఆయన డెన్మార్క్. ఎక్కడో దూరపు చుట్టరికం ఉందంటారు. ఆ "ఫాన్" కూడా ఆయన తనకి తనే తగిలించుకున్నదే.

ఓస్లో_శీను
సోమవారం రిపోర్టు. ట్రియెర్ ముక్క వదిలాను. "అది అందరికీ తెలుసు" అన్నారు. ట్రోలుబాబూ, నిన్ను నమ్మినందుకు నాకు ఇదే శాస్తి. కానీ ఏడాదిన్నర టీవీ పని మూలన పడేసిన సంగతి ఆ డైలాగులాయనకి కూడా తెలియదు. కాసేపు ఫోన్ తీసి ఏదో వెతుక్కున్నాడు, తర్వాత నా కాఫీ ఆయనే తెచ్చాడు.

ఇంకోటి. శనివారం మంచు పడి బయటికి పోలేక, కిరణ్ గారి లెక్క పాపకి చెప్పా. "మనమూ తీద్దాం" అంది. ముళ్ళపంది లేదు, బంగాళాదుంపకి అగ్గిపుల్లలు గుచ్చాం. ఫోన్‌ని పుస్తకాల మీద నిలబెట్టి, దుంపని బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాం. ఆమె జరపాలి, నేను నొక్కాలి. మూడు గంటలు. మధ్యలో రెండుసార్లు పోట్లాట, నేను ఎక్కువ జరిపానట. మొత్తం తొమ్మిది సెకన్లు వచ్చింది. దుంప నడుస్తోందండీ! కానీ సగం తర్వాత అది వెలుగుతూ ఆరుతూ ఉంది, ఎందుకో తెలియడం లేదు. ఫోన్ పాడా?

కీఫ్రేమ్_కిరణ్
ఫోన్ బాగానే ఉంది. కిటికీ పక్కన పెట్టి తీశారా?

ఓస్లో_శీను
అవును. వెలుతురు కోసం.

కీఫ్రేమ్_కిరణ్
మబ్బులు కదిలినప్పుడల్లా వెలుతురు మారింది. పైగా సగం నుంచి మీ తల నీడ దుంప మీద పడుతూ ఉండుంటుంది. తెర వేసి, ఒకే లైటు పెట్టి, ఒకే రంగు చొక్కాతో ఒకేచోట నిలబడి మళ్ళీ తీయండి.

ఓస్లో_శీను
మొత్తమా?

కీఫ్రేమ్_కిరణ్
మొత్తం.

ఓస్లో_శీను
పాప అప్పుడే కొత్త దుంప కడుగుతోంది.